ధూం ధాం: ఒక వాడుకమాట ప్రస్థానం - ఉద్యమవేదిక నుండి బొగ్గుబాయి సినిమాపాట వరకు

వ్యాససంగ్రహం:

తెలంగాణ వాడుకలో 'ధూం ధాం' సందడిగా, ఘనంగా జరిగే వేడుకను సూచించే మాట. 2002లో ఈ మాట ఒక సాంస్కృతిక ఉద్యమరూపానికి పేరయింది. ప్రత్యేక రాష్ట్ర పోరాటకాలంలో ఊరూరా వినిపించింది. రాష్ట్రావతరణ తరువాత ప్రభుత్వ కార్యక్రమాల్లో, ఎన్నికల సభల్లో నిలిచింది. 2023లో విడుదలైన 'దసరా' చిత్రంలోని పాట ద్వారా తెలుగు ప్రాంతాలను దాటి వెళ్ళింది. ఆ చిత్రానికి నేపథ్యం నేటి పెద్దపల్లి జిల్లాలోని గోదావరిఖని పరిసరాల బొగ్గుబావుల ప్రాంతం. క్రియావిశేషణంగా ఉన్న మాట నామవాచకమై, ఆపైన విశేషణంగా మారిన క్రమాన్నీ, ప్రతి దశలోనూ ఆ వేడుకకు 'కర్త' ఎవరన్న అంశాన్నీ కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. వాడుకమాట వ్యాప్తిలో అర్థం పలచబడటం కన్నా కర్త మారడమే కీలకమైన మార్పు అన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

కీలకపదాలు: ధూం ధాం, తెలంగాణ మాండలికం, ఉద్యమగీతం, సింగరేణి, పెద్దపల్లి, సినిమాపాట, జంటపదాలు.

1. ఉపోద్ఘాతం:

ఒక ప్రాంతపు వాడుకమాట రాష్ట్రమంతా, ఆపైన దేశమంతా పాకినప్పుడు దానికి కారణంగా సాధారణంగా చెప్పేది ఆ మాటలోని ఆకర్షణ. పలకడానికి తేలిక, వినడానికి ఇంపు, పాటకు ఒదుగుతుంది అంటారు. ఈ వివరణలో నిజం లేకపోలేదు. కాని అదే ఆకర్షణ గల మాటలు ఎన్నో ఊరి పొలిమేర దాటకుండానే ఉండిపోతున్నాయి. కాబట్టి మాట గుణం ఒక్కటే వ్యాప్తికి చాలదు. దానిని ఎవరో ఒక పనికి నియోగించాలి. ఆ పని చేసే వేదిక ఉండాలి. ఆ వేదికకు జనం రావాలి.

'ధూం ధాం' చరిత్రలో ఈ మూడు అంశాలూ స్పష్టంగా కనిపిస్తాయి. పెండ్లిని, దావత్‌ను వర్ణించే మాటను ఉద్యమ కళాకారులు తమ సభకు పేరుగా పెట్టుకున్నారు. ఆ సభలు పల్లెల్లో, పట్టణాల్లో, విశ్వవిద్యాలయాల్లో, బొగ్గుబాయి కాలనీల్లో జరిగాయి. రెండు దశాబ్దాల తరువాత అదే మాట సినిమాపాటకు పల్లవిమాటయింది. ఈ మూడు స్థితులనూ కాలక్రమంలో పరిశీలించినప్పుడు తెలంగాణ భాషకు ప్రజాసంస్కృతిలో దక్కిన స్థానం, దానికోసం వదులుకోవలసి వచ్చిన అంశాలు రెండూ అవగతమవుతాయి.

2. పదనిర్మాణం - పూర్వపు వాడుక:

'ధూం ధాం' హిందుస్తానీ నుండి దక్కనీ ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చిన జంటపదం. హిందీ, ఉర్దూ భాషల్లో 'ధూం' అంటే సందడి, కోలాహలం. 'ధాం' దానికి తోడుగా వచ్చిన ప్రతిధ్వని పదం. సంస్కృతంలోని ధూమ, ధామ శబ్దాలతో ఉచ్చారణలో పోలిక ఉన్నా, ఈ జంటలోని రెండవ భాగానికి వాడుకలో విడి అర్థం లేదు. మొదటి పదంలోని అచ్చును దీర్ఘ 'ఆ'కారంగా మార్చి జంట కట్టే పద్ధతి హిందుస్తానీలో విస్తారంగా ఉంది. ఠీక్ ఠాక్, చుప్ చాప్, భీడ్ భాడ్ వంటివి ఇందుకు ఉదాహరణలు. తెలుగు సొంత ప్రతిధ్వని పద్ధతి వేరు. పుస్తకం గిస్తకం, అన్నం గిన్నం అన్నట్లు అది 'గి', 'గీ'లతో నడుస్తుంది. అన్నం గిన్నం అనడంలో 'మరేదైనా' అన్న విస్తరణ, కొన్నిసార్లు చులకన ధ్వనిస్తాయి. ధూం ధాం వంటి జంటలో చులకన లేదు, నిండుదనం ఉంది. తెలుగు చెవికి ఇది డప్పు దెబ్బను అనుకరించే ధ్వన్యనుకరణ పదంగా కూడా వినిపిస్తుంది. అందువల్ల అరువుమాటే అయినా పరాయిమాటగా తోచదు.

నిజాం పాలనలో ఉర్దూ పాలనాభాషగా ఉండటం వల్ల దావత్, దోస్తు, మస్తు, జల్ది వంటి మాటలు తెలంగాణ పల్లెల్లో నిత్యవ్యవహారంలో కలిసిపోయాయి. ధూం ధాం కూడా అదే వరుసలోనిది. "పెండ్లి ధూంధాంగ చేసిన్రు" అన్న వాక్యంలో ఇది '-గ' ప్రత్యయం చేరిన క్రియావిశేషణం. ఈ వాక్యానికి కర్త పెండ్లి చేసిన ఇంటివారు. ఖర్చు వారిది, పేరూ వారిదే. వచ్చినవారు తిని, చూసి, మెచ్చుకునే అతిథులు. ఈ వాడుకలో మెప్పుతోపాటు ఒక సామాజిక సత్యం కూడా ఉంది. ధూంధాంగా చేయగలగడం కలిగినవారికే సాధ్యం. లేనివారు అప్పు చేసి ఆ మాట దక్కించుకోవాలి.

ఉచ్చారణలో ఒత్తులు సడలి 'దూం దాం' అని పలికేవారు ఎక్కువ. రాతలో ధూంధాం, ధూం ధాం, ధూమ్ ధామ్ అనే రూపాలు కనిపిస్తాయి. వర్ణక్రమం స్థిరపడకపోవడం ఈ మాట రాత ద్వారా కాక నోటి ద్వారా వ్యాపించిందనడానికి ఒక సాక్ష్యం.

3. నేపథ్యం - పాటకు అలవాటుపడిన నేల:

ఈ మాట ఉద్యమరూపంగా మారడానికి ముందే ఉత్తర తెలంగాణలో పాటతో సభ నడిపే సంప్రదాయం బలంగా ఉంది. అందులో రెండు పాయలున్నాయి.

మొదటిది జాతరల, కులకథల సంప్రదాయం. పెద్దపల్లి జిల్లాలోని ఓదెల మల్లన్న క్షేత్రం ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ ఒగ్గు పూజారులు పట్నాలు వేసి, డోలు, తాళాలతో కథ చెబుతారు. కథకుడు చెప్పే మాటకు వంతవారు బదులిస్తారు, వినేవారు తలలూపుతారు, పూనకం వచ్చినవారు ఆడుతారు. ప్రేక్షకుడికీ ప్రదర్శకుడికీ నడుమ గీత పలుచగా ఉండే ప్రదర్శనారూపమిది. బతుకమ్మ ఆటలోనైతే ఆ గీత అసలే లేదు. ఒకరు చరణం ఎత్తుకుంటే మిగిలినవారు వంత పాడతారు. పాడేవారే ఆడేవారు, ఆడేవారే చూసేవారు.

రెండవది విప్లవగీతాల సంప్రదాయం. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి వేసిన బాటలో, 1972లో జననాట్యమండలి ఏర్పడింది. గద్దర్ భుజాన గొంగడి, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కర్రతో పాటను సభకు కేంద్రంగా మార్చాడు. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ఈ పాటలకు నేపథ్యమూ, శ్రోతలూ కూడా. 1978 సెప్టెంబరు 7న జరిగిన జగిత్యాల జైత్రయాత్ర అనంతరం ఈ ప్రాంతపు రైతాంగపోరాటం సాహిత్యవస్తువయింది. మంథని ప్రాంతానికి చెందిన అల్లం రాజయ్య రాసిన 'కొలిమంటుకున్నది' వంటి నవలలు ఆ వాతావరణంలో పుట్టినవే. ఆదిలాబాద్ జిల్లా లింగాపురం నుండి వచ్చిన గూడ అంజయ్య పాటలు అదే భాషలో ఊరూరా తిరిగాయి.

ఈ రెండు పాయలూ కలిసిన చోటు బొగ్గుబాయి ప్రాంతం. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. గోదావరి ఒడ్డున రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో 1960ల నుండి గనులు విస్తరించాయి. చుట్టుపక్కల పల్లెల నుండి, కోస్తా జిల్లాల నుండి, ఉత్తరాది నుండి వచ్చిన కార్మికులు ఒకే బాయి దిగారు. బాయి దగ్గరి భాషలో తెలుగుతోపాటు ఇంగ్లీషు, హిందుస్తానీ మాటలు కలగలిశాయి. హాజరు 'మస్టరు' అయింది, పనికి రాని రోజు 'నాగా' అయింది. 1981లో సింగరేణి కార్మిక సమాఖ్య ఏర్పడిన తరువాత సమ్మెసభల్లో పాట తప్పనిసరి భాగమయింది. సింగరేణి కార్మికుడిగా పనిచేసిన జయరాజు వంటి కవిగాయకులు ఈ నేల నుండే ఎదిగారు. షిఫ్టు దిగివచ్చినవారు, షిఫ్టుకు వెళ్ళవలసినవారు కూడళ్ళలో కలిసే పారిశ్రామిక పట్టణంలో పాటల సభకు శ్రోతలను ప్రత్యేకంగా పోగుచేయవలసిన అవసరం రాలేదు.

4. వేదికకు పేరైన మాట (2002):

1997లో వరంగల్ డిక్లరేషన్‌తో ప్రత్యేక తెలంగాణ ఆకాంక్ష మళ్ళీ రాజకీయ రూపం పొందింది. 2001 ఏప్రిల్ 27న తెలంగాణ రాష్ట్ర సమితి ఏర్పడింది. ఆ ఏడాది మే 17న కరీంనగర్‌లో సింహగర్జన సభ జరిగింది. మరుసటి సంవత్సరం, 2002లో, కామారెడ్డిలో 'తెలంగాణ ధూం ధాం' తొలిసారి జరిగింది. దీని రూపకల్పనలో రసమయి బాలకిషన్ పేరు ప్రధానంగా వినిపిస్తుంది. భిన్న రాజకీయ నేపథ్యాలు గల కవులు, గాయకులు ఈ రూపాన్ని తమదిగా చేసుకున్నారు.

పేరు ఎంపిక ఇక్కడ గమనార్హం. అప్పటివరకు ఇటువంటి కార్యక్రమాలను 'సాంస్కృతిక ప్రదర్శన', 'కళాజాత', 'గేయసభ' వంటి పేర్లతో పిలిచేవారు. ఇవన్నీ రాతభాషలోని సమాసాలు. వీటిలో ప్రదర్శించేవారు ఒకవైపు, చూసేవారు మరొకవైపు ఉంటారన్న అర్థం ఇమిడి ఉంది. 'ధూం ధాం' అన్నప్పుడు మూడు మార్పులు ఒకేసారి జరిగాయి. మొదటిది, ఇంట్లో పలికే మాట సభ పేరయింది. రెండవది, వెనుకబాటుకు గుర్తుగా చూపబడిన యాసలోని మాట బ్యానరు మీదికి ఎక్కింది. మూడవది, పోరాటానికి విషాదమే తగిన భావమన్న అలవాటు పక్కకు జరిగింది. కరువు, వలస, ఆత్మహత్యల గురించిన పాటలు కూడా ఈ వేదిక మీద ఆటతో కలిసి వచ్చాయి.

వ్యాకరణపరంగా ఇది క్రియావిశేషణం నామవాచకంగా మారిన సందర్భం. "ధూంధాంగ చేసిన్రు" అన్న వాక్యంలో ధూం ధాం మరొక పని తీరును చెబుతుంది. "మా ఊర్ల ధూం ధాం పెట్టిన్రు" అన్నప్పుడు ధూం ధామే పని. దానికి స్థలం ఉంది, తేదీ ఉంది, కరపత్రం ఉంది. కర్త కూడా మారింది. పెండ్లికి ఇంటివారు కర్తలైతే, ఈ సభకు ఊరివారు కర్తలు. గ్రామ యువకులు చందాలు పోగుచేసేవారు, మైకు, వేదిక ఏర్పాటుచేసేవారు, కళాకారులకు ఇండ్లలో భోజనం పెట్టేవారు. కలిగిన ఇంటివారికి మాత్రమే దక్కే మాటను ఊరు ఉమ్మడిగా దక్కించుకుంది. ఈ మాట చరిత్రలో అతి ముఖ్యమైన మలుపు ఇదే.

ప్రదర్శనారూపం కూడా ఈ ఉమ్మడితనానికి తగినట్లే రూపొందింది. డప్పు, డోలక్, గొంగడి, గజ్జెలు జననాట్యమండలి నుండి వచ్చాయి. బతుకమ్మ, బోనాలు, ఒగ్గు, చిందు రూపాల ఛాయలు జాతరల నుండి వచ్చాయి. పాటకూ పాటకూ నడుమ ముచ్చట, వ్యంగ్యం, నాయకుల ప్రసంగం ఉండేవి. ప్రసంగం పాట కోసం ఆగేది, పాట ప్రసంగాన్ని మోసేది. పాటనే ఉద్యమానికి పేరుగా పెట్టుకున్న సందర్భాలు ప్రపంచంలో ఇతరత్రా ఉన్నాయి. సోవియట్ పాలన నుండి విముక్తి కోరిన ఎస్టోనియా ప్రజల 1987-91 నాటి ఉద్యమం 'పాడే విప్లవం'గా ప్రసిద్ధి పొందింది. అక్కడ సామూహిక గానోత్సవాల సంప్రదాయం ఆ ఉద్యమానికి వేదికనిస్తే, ఇక్కడ జాతర, బతుకమ్మ, విప్లవగీతం కలిసి అటువంటి వేదికను సమకూర్చాయి.

5. సమ్మెకాలంలో ధూం ధాం (2009-2014):

2009 నవంబరు 29న కరీంనగర్ సమీపంలోని అలుగునూరు వద్ద కె. చంద్రశేఖరరావు అరెస్టు, ఆయన నిరాహారదీక్ష, డిసెంబరు 9న కేంద్రప్రభుత్వ ప్రకటన, ఆ తరువాతి వెనుకడుగు ఉద్యమాన్ని ప్రతి ఊరికీ తీసుకువెళ్ళాయి. సంయుక్త కార్యాచరణ సమితులు ఏర్పడ్డాయి. ధూం ధాం వారి కార్యక్రమాల్లో నిత్యభాగమయింది. రాస్తారోకో, వంటావార్పు, బతుకమ్మ, ధూం ధాం అనే నాలుగు మాటలు ఒకే కరపత్రంలో పక్కపక్కన చేరాయి. వంట, ఆట, పాట రోడ్డు మీదికి రావడమే నిరసన అయింది.

2011 సెప్టెంబరు 13న ప్రారంభమైన సకలజనుల సమ్మె 42 రోజులు సాగింది. సింగరేణి కార్మికులు నెలకు పైగా సమ్మెలో ఉన్నారు. బొగ్గు ఆగడంతో విద్యుదుత్పత్తిపై పడిన ప్రభావం వల్ల ఆ సమ్మె తీవ్రత తెలంగాణ వెలుపల కూడా తెలిసింది. గోదావరిఖని వంటి పట్టణాల్లో ఈ కాలపు ధూం ధాంకు ప్రత్యేకార్థం ఉంది. సమ్మె రోజు అంటే మస్టరు లేని రోజు, జీతం లేని రోజు. ఆ రోజున జరిగే వేడుకలో సంతోషంతోపాటు నష్టానికి సిద్ధపడటం కూడా ఉంది. పెండ్లి ధూం ధాంలో ఇంటివారు డబ్బు ఖర్చు పెడతారు. సమ్మె ధూం ధాంలో కార్మికుడు ఖర్చు పెట్టింది తన పనిరోజును.

ఈ దశలో మాట వ్యాప్తికి సాంకేతిక సాధనాలు తోడ్పడ్డాయి. సభల్లో పాడిన పాటలు సీడీలుగా వచ్చాయి, మొబైల్ ఫోన్లలోకి చేరాయి, ఆటోల్లో మోగాయి. 2011లో వచ్చిన 'జై బోలో తెలంగాణ' చిత్రం ఉద్యమగీతాన్ని వెండితెర మీదికి తెచ్చింది. అయితే వీటన్నిటికీ మూలం సభ. సీడీ విన్నవాడు సభకు వచ్చేవాడు, సభకు వచ్చినవాడు సీడీ కొనేవాడు.

ధూం ధాం మీద విమర్శ ఉద్యమం లోపలి నుండే వచ్చింది. వేడుక పెరిగి ఆలోచన తగ్గుతున్నదని, పాటల్లో ప్రజల స్థానాన్ని నాయకులు ఆక్రమిస్తున్నారని కొందరు భావించారు. విమలక్క నాయకత్వంలోని అరుణోదయ సాంస్కృతిక సమాఖ్య చేపట్టిన 'బహుజన బతుకమ్మ' ఇటువంటి అసంతృప్తికి ఒక నిర్మాణాత్మకమైన జవాబు. వేడుకను వదలకుండానే అది ఎవరి వేడుక అన్న ప్రశ్నను పేరులోనే నిలిపింది.

6. రాష్ట్రావతరణానంతరం - ప్రభుత్వవేదిక, టీవీ:

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. ఆ ఏడాది ఎన్నికల్లో రసమయి బాలకిషన్ కరీంనగర్ జిల్లా మానకొండూరు నుండి శాసనసభకు ఎన్నికయ్యారు. ప్రభుత్వం 'తెలంగాణ సాంస్కృతిక సారథి'ని ఏర్పాటుచేసి, ఉద్యమంలో పాడిన కళాకారులకు ఉద్యోగాలు కల్పించింది. ఊరూరా తిరిగి పాడినవారికి నెలజీతం రావడం చిన్న విషయం కాదు. కళాకారుల కుటుంబాలకు అది నిజమైన గౌరవం, భద్రత. అదే సమయంలో వారి పాటకు వస్తువు మారింది. చెరువుల పూడికతీత, మొక్కల పెంపకం వంటి ప్రభుత్వ పథకాల ప్రచారం వారి బాధ్యత అయింది. ఎన్నికల కాలంలో నాయకుడు వచ్చేవరకు జనాన్ని కూర్చోబెట్టే కార్యక్రమానికి ధూం ధాం పేరు స్థిరపడింది. "ధూం ధాం ఉన్నది" అన్న వాక్యంలో కర్త కనుమరుగయ్యాడు. ఎవరు పెట్టారన్నది చెప్పనవసరం లేని స్థితి వచ్చింది.

టీవీలో తెలంగాణ భాషకు చోటు దొరికిన కాలం కూడా ఇదే. 2012లో ప్రారంభమైన వి6 ఛానెల్ 'తీన్మార్ వార్తలు' ద్వారా తెలంగాణ యాసను వార్తలు చెప్పే భాషగా నిలబెట్టింది. 'తీన్మార్' ధూం ధాంకు తోబుట్టువు వంటి మాట. మూడు దెబ్బల దరువు అన్నది దాని మూలార్థం. హైదరాబాదు బరాత్‌లలోని మార్ఫా వాద్యంతో, ఆ దరువుకు వేసే చిందుతో ఆ మాట ప్రజల నోట నిలిచింది. 2011లో ఒక సినిమా పేరయింది, తరువాత వార్తల కార్యక్రమం పేరయింది. రెండు మాటలూ హిందుస్తానీ నుండి వచ్చినవే, రెండూ దరువుకు దగ్గరివే. ఒకటి ఉద్యమం మీదుగా ప్రయాణిస్తే మరొకటి బరాత్ మీదుగా ప్రయాణించింది.

7. సినిమాపాటగా 'ధూం ధాం' (2022-23):

తెలుగు సినిమాలో తెలంగాణ యాస చాలాకాలం రౌడీకి, నౌకరుకు, హాస్యపాత్రకు పరిమితమయింది. 'మా భూమి', 'దాసి' వంటి చిత్రాలు ఈ ధోరణికి వెలుపల నిలిచినవి. ప్రధానస్రవంతి చిత్రాల్లో మాట కన్నా ముందు పాట ప్రవేశించింది. 'ఎర్ర సైన్యం', 'ఒసేయ్ రాములమ్మ' వంటి చిత్రాల పాటలను ఆదరించిన ప్రేక్షకులు, కథానాయకుడి నోట అదే యాస వినడానికి మరి రెండు దశాబ్దాలు పట్టింది. 2016-17లో వచ్చిన 'పెళ్ళిచూపులు', 'ఫిదా' చిత్రాలతో ఆ స్థితి మారింది.

అదే కాలంలో చౌక మొబైల్ డేటా వల్ల యూట్యూబ్ జానపదగీతాలు విస్తరించాయి. 2021లో వచ్చిన 'బుల్లెట్ బండి' పాటకు మంచిర్యాలలో ఒక వధువు చేసిన నృత్యం ఫోనుల ద్వారా దేశమంతా చేరడం ఈ వ్యాప్తి వేగానికి నిదర్శనం. పొలాల్లో పాడుకునే పెద్దవయసు స్త్రీలు కూడా ఈ మాధ్యమం ద్వారా ప్రసిద్ధులయ్యారు.

ఈ నేపథ్యంలో 2022 దసరా పండుగ సమయంలో 'ధూం ధాం దోస్తాన్' పాట విడుదలయింది. 2023 మార్చి 30న 'దసరా' చిత్రం వచ్చింది. దర్శకుడు శ్రీకాంత్ ఓదెల, కథానాయకుడు నాని, సంగీతం సంతోష్ నారాయణన్, పాట రచన కాసర్ల శ్యామ్. చిత్రకథ సింగరేణి ప్రాంతంలోని వీర్లపల్లిలో జరుగుతుంది. రాహుల్ సిప్లిగంజ్‌తోపాటు పాలమూరు జంగిరెడ్డి, నర్సమ్మ, గొట్టె కనకవ్వ వంటి జానపద గాయకులు ఈ పాట పాడారు.

ఈ పాట పేరులో 'ధూం ధాం' విశేషణం. దోస్తాన్ ఎటువంటిదో అది చెబుతుంది. 'దోస్తానా' అన్న పారశీక ప్రత్యయాంత రూపం తెలంగాణ పలుకుబడిలో చివరి దీర్ఘం కోల్పోయి 'దోస్తాన్' అయింది. రెండు మాటలూ 'ద' వర్గాక్షరంతో మొదలై అనుప్రాసను సాధించాయి. హిందీ శ్రోతకు ఇందులో అనువదించవలసినది ఏదీ లేదు. తెలుగుతోపాటు తమిళ, కన్నడ, మలయాళ, హిందీ భాషల్లో విడుదలైన చిత్రానికి ఇది సౌకర్యం. హిందుస్తానీ నుండి వచ్చి తెలంగాణ మాటగా మారినది తెలంగాణ ముద్రతో తిరిగి హిందీ శ్రోతకు చేరింది.

చిత్రకథలో వీర్లపల్లి జీవితం 'సిల్క్ బార్' చుట్టూ తిరుగుతుంది. ఎవరు లోపల కూర్చుని తాగవచ్చు అన్నది కులాన్ని బట్టి నిర్ణయమయ్యే చోటు అది. కథానాయకుడు, అతని స్నేహితుడు కదిలే రైలు నుండి బొగ్గు దొంగిలించే యువకులు. పాట చిత్రీకరణలో ముందు నిలిచేది మగవాళ్ళ స్నేహం, వారి ఆట. బతుకమ్మతో, స్త్రీల సామూహిక గానంతో కలిసి నడిచిన ఉద్యమ ధూం ధాంకు, ఈ ధూం ధాంకు ఇక్కడ తేడా ఉంది. అయితే సినిమా ఒక మేలు చేసింది. కనకవ్వ, నర్సమ్మల గొంతులను సాపు చేయకుండా, వాటి గరుకుదనంతోనే వినిపించింది. పూర్వం జానపద వరసను తీసుకుని సినీనేపథ్య గాయకులచేత పాడించే పద్ధతి ఉండేది. ఇక్కడ పాటతోపాటు పాడే మనిషి కూడా సినిమాలోకి వచ్చారు. కాబట్టి ఈ దశను కేవలం పతనంగా చెప్పడం సమంజసం కాదు.

కాని అదే పాట వినవలసిన నేల పరిస్థితి వేరు. 1990ల తొలినాళ్ళలో లక్షకు పైగా ఉన్న సింగరేణి శాశ్వత కార్మికుల సంఖ్య ప్రస్తుతం అందులో సగానికన్నా తక్కువ. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు పెరిగాయి. యంత్రాలు, కాంట్రాక్టు పని పెరిగాయి. ఓపెన్‌కాస్టుల కోసం ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ధూం ధాంను తమ సొంత కార్యక్రమంగా నిర్వహించగలిగిన కార్మిక కాలనీ సమూహం పలచబడుతున్న కాలంలోనే ఆ మాట దేశవ్యాప్త ప్రచారం పొందింది. మాట వ్యాప్తికీ దానిని పోషించిన సమాజం స్థితికీ మధ్య ఉన్న ఈ వైరుధ్యాన్ని పరిశోధకులు విస్మరించలేరు.

8. వ్యాప్తిలో తారతమ్యం:

2022లో వచ్చిన 'డీజే టిల్లు' చిత్రంలోని 'అట్లుంటది మనతోని' అన్న మాటతో పోల్చినప్పుడు ధూం ధాం ప్రత్యేకత మరింత స్పష్టమవుతుంది. ఆ మాట తెరమీద ఒక పాత్ర నోటి నుండి ప్రచారంలోకి వచ్చి, కొద్ది కాలంలోనే అంతటా వినిపించింది. అందులోని 'మన' బహువచనమే అయినా సూచించేది ఒక్క మనిషి గొప్పను. తెలంగాణ పలుకుబడిలో తనను తాను 'మనం' అని చెప్పుకునే చమత్కారం దానికి బలం. ఎవరైనా ఒంటరిగా ఆ మాట అని నవ్వించగలరు.

ధూం ధాం ఒంటరిగా చేయగలిగినది కాదు. పెండ్లికైనా, సమ్మెకైనా, సినిమాపాటలోనైనా గుంపు కావాలి. మొదటి మాట పాత్రకు అంటిపెట్టుకుని ఉంటుంది, ఆ పాత్ర ప్రభావం తగ్గితే తగ్గుతుంది. రెండవది సందర్భానికి అంటిపెట్టుకుని ఉంటుంది, సందర్భం మారితే అర్థం మార్చుకుని బతుకుతుంది. సినిమా పుట్టించిన మాటకూ, సినిమా ఆశ్రయించిన మాటకూ ఉన్న భేదమిది. 2024లో 'ధూం ధాం' పేరుతోనే ఒక తెలుగు చిత్రం రావడం గమనిస్తే, ఉద్యమంతో సంబంధం లేని ప్రేక్షకులకు కూడా ఈ మాట సొంతమయిందని చెప్పవచ్చు.

9. ముగింపు:

పై పరిశీలన ఆధారంగా ఈ కింది అంశాలను పేర్కొనవచ్చు.

1. 'ధూం ధాం' ఆకర్షణకు ధ్వనిసౌలభ్యం కారణమైనా, వ్యాప్తికి కారణం దానిని ఒక పనికి నియోగించిన వేదికలు. 2002 నాటి నామకరణం లేకపోతే ఇది పెండ్లిమాటగానే మిగిలి ఉండేది.

2. క్రియావిశేషణం, నామవాచకం, విశేషణం అనే మూడు వ్యాకరణస్థితులు ఈ మాట సామాజిక చరిత్రలోని మూడు దశలకు ముఖ్యరూపాలు. కొత్త రూపం వచ్చినా పాతది పోలేదు. పెద్దపల్లి పల్లెల్లో పెండ్లి నేటికీ 'ధూంధాంగ'నే జరుగుతుంది.

3. ఉద్యమం ఈ మాటకు కొత్త అర్థాన్ని మాత్రమే కాక కొత్త కర్తను ఇచ్చింది. ఒక ఇంటి వేడుకను ఊరి వేడుకగా మార్చింది. తరువాతి దశల్లో ప్రభుత్వం, పార్టీ, నిర్మాణసంస్థ కర్తలయ్యారు. ఊరు క్రమంగా ప్రేక్షకస్థానానికి చేరింది.

4. సినిమా దశలో తెలంగాణ గొంతుకు, ప్రత్యేకించి జానపద స్త్రీల గొంతుకు గౌరవం దక్కింది. ఆ గొంతు వెనుక ఉన్న శ్రమ, సమ్మె, సామూహిక నిర్వహణ పాటలోకి రాలేదు.

తెలంగాణ వాడుకమాటల అధ్యయనం ఇంతవరకు ప్రధానంగా నిఘంటు నిర్మాణం, వ్యుత్పత్తి చర్చ వైపు సాగింది. ఒక మాట ఎప్పుడు ఎవరి క్రియగా ఉన్నదో పరిశీలించే పద్ధతిని తీన్మార్, దావత్, జాతర వంటి మాటలకు కూడా అన్వయించవచ్చు. ఉద్యమకాలపు కరపత్రాలు, బ్యానర్లు, చందా పుస్తకాలు, సీడీల అట్టలు ఇందుకు ప్రాథమిక ఆధారాలు. అవి ఇండ్లలో, కార్మికసంఘాల కార్యాలయాల్లో శిథిలమవుతున్నాయి. 'ధూం ధాం ఎవరు పెట్టిన్రు?' అన్న ప్రశ్నకు జవాబు నిఘంటువులో దొరకదు, ఒక ఊరి చందా పుస్తకంలో దొరుకుతుంది. ఉత్తర తెలంగాణ కళాశాలల తెలుగు శాఖలు ఈ సామగ్రి సేకరణకు పూనుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.